ఉట్టి, ట్రంకు పెట్టె, బెడ్రూమ్: ఇంట్ల చిరుతిండి తాళం ఎవరి చేతిల ఉండాలె?

ఇయాల్టి టాపిక్ చిన్నగ కనిపిస్తది గానీ, చాలా ఇండ్లల్ల దీని మీద రోజూ లొల్లే. టెన్త్, ఇంటర్ చదివే పిల్లలు తమ రూమ్‌లో చిరుతిండ్లు పెట్టుకోవచ్చా, వద్దా? "చీమలు పడ్తయి, అన్నం ముట్టవు" అని అమ్మ అంటది. "రాత్రి పన్నెండింటికి ఆకలైతే ఏం జెయ్యాలె" అని పిల్లలంటరు. ఎవరు కరెక్టో చెప్పే ముందు, ఈ లొల్లి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

ముందు ఉట్టి. పాత పెంకుటిండ్లల్ల దూలానికి తాడుతో ఉట్టి వేలాడదీసి, అందులో పాలు, పెరుగు, వెన్న పెట్టేటోళ్లు. పిల్లికి అందొద్దు, చీమకు అందొద్దు, పిల్లలకు కూడా అందొద్దు. మన సాఫ్ట్‌వేర్ భాషలో ఇది యాక్సెస్ కంట్రోల్, అడ్మిన్ నాయనమ్మ. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు అనే సామెత ఊరికే పుట్టలే. కృష్ణాష్టమికి ఇప్పటికీ ఉట్టి కొడుతున్నం. అంటే పెద్దలు దాచుడు, పిల్లలు అందుకునుడు చాలా పాత ఆట.

ఇగ మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు సంక్రాంతి అంటే సకినాలు. బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చుట్లుగా పోస్తరు. కొంచెం ఆరినంక నూనెల కాలుస్తరు. తడి పోతది కాబట్టి ఫ్రిజ్ లేకున్నా వారాల తరబడి కరకరలాడుతయి. గంపలకు, డబ్బాలకు నింపి పెడ్తరు. కానీ అప్పుడు పిల్లలకు వేరే రూమే లేదు. అందరు ఒకే అర్రల, ఎండాకాలం వాకిట్ల పండుకునేది. రూమే లేనప్పుడు రూమ్‌లో తిండి అనే ప్రశ్న ఎట్ల వస్తది?

అసలు మార్పు రూమ్‌తోని కాదు, ట్రంకు పెట్టెతోని వచ్చింది.

నిజాం కాలంల జిల్లాలల్ల హైస్కూళ్లు తక్కువ. చదువు కోసం పిల్లలు ఊరు దాటాల్సి వచ్చేది. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది అందుకే. తర్వాత 1971లో మన మంథని ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టిండ్రు. 1986 జాతీయ విద్యా విధానం వచ్చినప్పుడు కేంద్రంల విద్య చూసే మంత్రి కూడా ఆయనే. నవోదయ విద్యాలయాలు అప్పటివే. మన దగ్గర చొప్పదండి, కాగజ్‌నగర్‌లో ఉన్నయి. 2008లో బాసర ట్రిపుల్ ఐటీ వచ్చింది. అప్పుడు అది ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్. పదో తరగతి కాంగనే, పదిహేను పదహారేండ్లకే పిల్లలు అక్కడ హాస్టల్‌లో చేరుతరు.

హాస్టల్ పిల్లలకు ఇనుప పెట్టె, దానికో తాళం ఉంటది. లోపల బట్టల పక్కన ఇంటి నుంచి తెచ్చిన సకినాలు, గారెలు, లడ్డూలు. ఉట్టి రోజుల్ల పెద్దల చేతిల ఉన్న తాళం ఇప్పుడు పిల్లల చేతికి వచ్చింది. మరి ఏమైంది? పెట్టె మూత తీసిన చప్పుడైతే చాలు, చుట్టూ నలుగురు చేరుతరు. ఒక్కడే తింటే పిసినారని పేరు పడ్తది. తాళం ఒకరిదైనా తినుడు పది మందిది.

ఇంట్ల సొంత రూమ్ వచ్చింది తర్వాత. డెబ్బైల నుంచి మనోళ్లు గల్ఫ్ పోయిండ్రు, ఆ పైసలతో ఊర్లల్ల స్లాబ్ ఇండ్లు లేసినయి, పిల్లలకు రూమ్‌లు వచ్చినయి. అమెరికాల 'టీనేజర్' అనే మాటే 1940లల్ల బాగా వాడకంలకు వచ్చింది. అంటే ప్రపంచం మొత్తంల కూడా ఇది కొత్త సంగతే.

ఆ రూమ్‌లకు ప్యాకెట్ వచ్చింది. లేస్ మన దేశంల 1995లో, కుర్‌కురే 1999లో దిగినయి. చిప్స్ ప్యాకెట్ల నైట్రోజన్ గ్యాస్ నింపుతరు, అందుకే మెత్తవడయి. దానికి ఉట్టి అక్కర్లేదు, గంప అక్కర్లేదు. చిన్న ప్యాకెట్ సైజే ఒక్కరి కోసం. మూసిన తలుపు, ఒక్కరి ప్యాకెట్, చేతిల ఫోన్: ఈ మూడు కలిసినయి. పిల్లలు ఒంటరిగ, ఎంత తింటున్నరో చూడకుండ తినుడు అట్ల అలవాటైంది.

అట్లని పిల్లల ఆకలి అబద్ధమా? కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 16 నుంచి 18 ఏండ్ల అబ్బాయికి రోజుకు సుమారు 3,320 క్యాలరీలు కావాలె. ఒక మోస్తరు పని చేసే పెద్దాయనకు 2,710 చాలు. అంటే కొడుకు ఆకలి నాయన కన్నా ఎక్కువ. అదే వయసు అమ్మాయికి 2,500. కానీ చాలా ఇండ్లల్ల కొడుకును "తిను బిడ్డా" అంటరు, బిడ్డ డబ్బా తీస్తే మాత్రం "మళ్లనా?" అంటరు. రూమ్‌లో దాచుకునుడు చాలాసార్లు ఆ మాట కాడ్నే మొదలైతది.

నా మాట ఇది. డబ్బా రూమ్‌లో ఉండనియ్యండి, కానీ గట్టి మూత ఉండాలె. లోపల సకినాలు, పల్లీ పట్టీలు, అటుకులు, ఆదిలాబాద్ దిక్కైతే ఇప్పపువ్వు లడ్డూలు. ప్యాకెట్ ఉంటే అందరున్న కాడ విప్పాలె. ఉట్టి కట్టినా పిల్లలు ఎగిరి అందుకున్నరు, ఇప్పుడు తాళమేస్తే మంచం కింద దాస్తరు. దాచకుండ తినే ఇల్లే మనకు కావాలె.

ఇయాల రాత్రి మీ నాయనమ్మనో తాతనో ఒకటే అడగండి: "మీరు చిన్నప్పుడు తిండి దొంగతనం చేసిండ్రా, ఎక్కడ దాచిండ్రు?" అని. అడిగేటప్పుడు డబ్బా మధ్యల పెట్టి, మూత తీసి అడగండి. మళ్ల కలుద్దాం.