పాపికొండలకు చిన్నపిల్లలతో వెళ్తున్నారా? టికెట్ లేని పాప పేరు కూడా జాబితాలో ఉండాలి

పాపికొండల బోటుకు బుక్ చేసేటప్పుడు "పాపకు మూడేళ్లేనా? అయితే టికెట్ అక్కర్లేదండీ" అని ఏజెంటు అనగానే చాలామంది తల్లిదండ్రులు ఇంకేమీ అడగరు. కొంత డబ్బు మిగిలిందనుకుంటారు. టికెట్ లేకపోతే నష్టం లేదు కానీ, ప్రయాణికుల జాబితాలో పేరు లేకపోతే మాత్రం అధికారిక లెక్కలో ఆ పాప బోటు ఎక్కనట్టే. గోదావరి మీద ఆ జాబితా ఎందుకంత ముఖ్యమో 2019లో తెలిసొచ్చింది.

కచ్చులూరు దగ్గర ఏం జరిగింది?

2019 సెప్టెంబర్ 15న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగిపోయింది. అందులో మొత్తం ఎంతమంది ఉన్నారన్నది వెంటనే తేలలేదు. రోజులు గడిచే కొద్దీ సంఖ్య పెరుగుతూ వచ్చి, చివరికి 77 మంది అని తేల్చారు. వారిలో బతికి బయటపడింది 26 మందే. వాళ్లను ముందుగా ఆదుకున్నది ఒడ్డున ఉన్న గ్రామస్తులు. బోటును పైకి తీయడానికి అక్టోబర్ 22 వరకు పట్టింది.

ఎంతమంది ఎక్కారో తెలియకపోతే ఎంతమంది కోసం వెతకాలో కూడా తెలియదు. పరిహారం, బీమా అడగాల్సి వచ్చినా మొదట చూసేది ఆ జాబితానే. అందుకే రేవులో జాబితా రాస్తున్నప్పుడు దగ్గరే నిలబడి, చంటిబిడ్డతో సహా అందరి పేర్లు, వయసులు రాయించండి. పిల్లల ఆధార్ ఫొటో ఫోన్‌లో ఉంటే పని సులువవుతుంది. రాశాక ఆ పేజీని ఫొటో తీసి, ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు అక్కడే వాట్సాప్ చేయండి. కొండల మధ్యకు వెళ్లాక సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం.

ఎవరు తనిఖీ చేస్తారు?

ప్రమాదం తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోటింగ్ జరిగే చోట్ల 9 కంట్రోల్ రూమ్‌లు పెట్టింది. 2020 జూన్‌లో అవి మొదలయ్యాయి. గోదావరి మీద గండిపోచమ్మ, సింగన్నపల్లి, పేరంటపల్లి, పోచవరం, రాజమహేంద్రవరం ఆ జాబితాలో ఉన్నాయి. బోటు కదిలేముందు ప్రయాణికుల లెక్క, లైఫ్ జాకెట్లు, సిబ్బంది మద్యం తాగారా లేదా అన్నవి చూడడం వీటి పని. కేంద్రం 2021లో తెచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం ఇంజిన్‌తో నడిచే బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. బోటు ఎంతమందిని ఎక్కించుకోవచ్చో చూపించమని అడగండి. అడిగితే చిరాకుపడే సరంగు ఉంటాడేమో, అయినా అడగడం మీ హక్కు. ఒడిలో కూర్చున్న పిల్లలు కూడా మనుషులే, వాళ్లను కలిపే తలలు లెక్కపెట్టండి.

పిల్లలకు ఏ జాకెట్?

ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే. పెద్దల జాకెట్‌నే తాళ్లు బిగించి పిల్లలకు వేస్తుంటారు. నీళ్లలో పడగానే అది పైకి జారిపోతుంది, పాప కిందికి జారిపోతుంది. జాకెట్ సైజును వయసుతో కాదు, బరువుతో చూడాలి. ఎన్ని కిలోలవాళ్లకో లోపలి వైపు లేబుల్ మీద రాసి ఉంటుంది. జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టుకుని మెల్లగా పైకి ఎత్తి చూడండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే ఆ సైజు పనికిరాదు. చిన్నపిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, తలను పైకి ఉంచే కాలర్ ఉండాలి. గాలి ఊదే బొమ్మ ట్యూబులు దీనికి బదులు కావు.

పిల్లల సైజు రేవులో ఉంటుందనుకుని వెళ్లకండి. బుకింగ్ రోజే ఫోన్ చేసి బరువు చెప్పి అడగండి, లేదంటే కొనుక్కుని తీసుకెళ్లండి. బిడ్డను క్యారియర్‌తో ఒంటికి కట్టుకుని బోటులో కూర్చోవద్దు. నీళ్లలో పడితే తల్లి జాకెట్ తల్లిని తేలుస్తుంది కానీ, బిడ్డ ముఖం నీళ్లలోనే ఉండిపోవచ్చు. భోజనాల సమయంలో, ఉక్కపోతకు జాకెట్లు విప్పేయడం మామూలు. పిల్లలకు మాత్రం ఒడ్డు దిగేదాకా ఉండాల్సిందే. కింది ఏసీ గది చల్లగానే ఉంటుంది, కానీ అందులోంచి బయటపడే దారి ఇరుకు. పసివాళ్లతో ఉన్నవాళ్లు పై డెక్ మీద, రెయిలింగ్‌కు దూరంగా కూర్చోవడమే నయం.

వరద హెచ్చరిక లేకపోతే చాలా?

చాలదు. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు, ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు. అవి ముంపు ఊళ్ల కోసం పెట్టిన గుర్తులు. కచ్చులూరు ప్రమాదం నాటి ప్రవాహం అందులో సుమారు సగమే, 5 లక్షల క్యూసెక్కులు. బోటుకు అదే ఎక్కువైంది. కాబట్టి "హెచ్చరిక ఏమీ లేదుగా" అనే మాటను పట్టించుకోకండి. వానాకాలంలో ఎటూ బోట్లు ఆపేస్తారు. పిల్లలతో అయితే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. తేదీకి రెండు రోజుల ముందు బోట్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి.

రాత్రి ఒడ్డున ఉంటే

ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి గడపడమే ఈ ప్రయాణంలో అందరూ చెప్పుకునే సరదా. పిల్లలు ఇసుకను వదిలి రారు. కానీ గోదావరి ఒడ్డు ఒకచోట మోకాటి లోతు ఉంటే, రెండడుగుల అవతల మనిషి లోతు ఉంటుంది. పిల్లల్ని నీళ్లలోకి దింపితే జాకెట్‌తోనే, సిబ్బంది చూపించిన చోటే, ఒక పెద్దమనిషి చేయి పట్టుకునే. చీకటి పడ్డాక నీటి వైపు అసలు వద్దు.

ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం. దోమతెర, పొడుగు చేతుల బట్టలు, టార్చి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పిల్లల జ్వరం మందు సర్దుకోండి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, బోటులో వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. అర్ధరాత్రి బోటు, సరంగు అందుబాటులో ఉంటారా అన్నది బుక్ చేసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న. "చూద్దాంలెండి" అంటే పగటి ట్రిప్పుతో సరిపెట్టుకోండి.

అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108, జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్‌కు 1077. మీరు ఎక్కే రేవులోని కంట్రోల్ రూమ్ నంబరు మాత్రం అక్కడే అడిగి, ఫోన్‌లోనే కాకుండా ఒక కాగితం మీద కూడా రాసుకోండి.