జాజ్ శ్రోతలు, రికార్డుల కోసం ఎదురుచూపు: అమెరికాలో ఒక శతాబ్దపు చరిత్ర

జాజ్ చరిత్రను వాద్యకారుల జీవితాల వరుసగా చెప్పడం ఆనవాయితీ అయినప్పటికీ, ఆ సంగీతం ఈనాటికీ వినగలిగే రూపంలో మిగలడం వెనుక శ్రోతల పాత్ర చాలా పెద్దది. ఈ మధ్య ఏ రికార్డు వింటున్నారు, త్వరలో ఏది రాబోతున్నది అని అభిమానులు ఒకరినొకరు అడిగి తెలుసుకోవడం అమెరికాలో కాలక్షేపంగానే ఆగిపోలేదు. ఆ ప్రశ్నల నుంచి దుకాణాలు, పత్రికలు, రికార్డుల పట్టికలు, చివరకు రికార్డు కంపెనీలే పుట్టుకొచ్చాయి. జాజ్ ప్రధానంగా ఆశువుగా పలికే సంగీతం కావడం ఇందుకు మూలకారణం. అవధాన సభలో చెప్పిన పద్యాన్ని ఎవరూ రాసుకోకపోతే అది ఆ సభతోనే పోయినట్లు, జాజ్ వాద్యకారుడు ఒక రాత్రి కల్పించిన స్వరప్రస్తారం మరునాడు అదే రూపంలో తిరిగి రాదు. అందువల్ల జాజ్ అభిమానికి రికార్డు పాటకు నకలు కాదు, ఆ పూట పలికిన సంగీతానికి మిగిలిన ఏకైక సాక్ష్యం.

తొలి జాజ్ రికార్డుగా సాధారణంగా లెక్కించేది 1917లో విక్టర్ కంపెనీ విడుదల చేసిన ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ వారి రికార్డు. ఈ సంగీతాన్ని సృష్టించినవారు న్యూ ఆర్లియన్స్ నల్లజాతీయులు కాగా, రికార్డుకెక్కే తొలి అవకాశం తెల్లవారి బృందానికి దక్కింది. 1920లో ఓకే కంపెనీ కోసం మేమీ స్మిత్ పాడిన బ్లూస్ పాట విపరీతంగా అమ్ముడుపోయిన తరువాతే కంపెనీలు నల్లజాతి కొనుగోలుదారులను గుర్తించి, వారి కోసం 'రేస్ రికార్డులు' అనే ప్రత్యేక జాబితాలను తయారుచేశాయి. 1923లో కింగ్ ఆలివర్ బృందం ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ పట్టణంలో, రైలు పట్టాల పక్కనున్న జెనెట్ కంపెనీ స్టూడియోలో రికార్డు చేసింది. రాబోయే రికార్డుల ప్రకటనలు షికాగో డిఫెండర్ వంటి నల్లజాతి పత్రికల్లో వచ్చేవి, కావలసినవారు తపాలా ద్వారా తెప్పించుకునేవారు. రైళ్లలో పనిచేసే పుల్‌మన్ పోర్టర్లు ఉత్తరాది నగరాల్లో రికార్డులు కొని దక్షిణాది ఊళ్లకు చేరవేసి అమ్మేవారు. జాజ్ సేకర్తల చరిత్రను తెల్లజాతి విద్యార్థులతో మొదలుపెట్టే గ్రంథాలు ఈ తొలి శ్రోతలకు తీరని అన్యాయం చేశాయి.

ఆనాటి రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పళ్లేలు. ఒక్కొక్క పక్క సుమారు మూడు నిమిషాల సంగీతం పట్టేది. వాటి తయారీకి కావలసిన లక్క ఎక్కువగా భారతదేశం నుంచే ఎగుమతి అయ్యేది. మోదుగ వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టిన పొరను గిరిజనులు గీసి తీస్తే, శుద్ధి అయిన ఆ సరుకు సముద్రాలు దాటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ నాదానికి ఒడలు అయింది.

1929 తరువాతి ఆర్థిక మాంద్యంలో రికార్డుల వ్యాపారం దాదాపు కూలిపోయింది. కంపెనీలు అమ్ముడుపోని రికార్డులను జాబితాల నుంచి తొలగించడంతో, పదేళ్లు కూడా నిండని సంగీతం అంగళ్లలో దొరకకుండా పోయింది. అభిమానుల కృషి సంఘటిత రూపం దాల్చింది ఈ దశలోనే. న్యూయార్క్ 42వ వీధిలో తండ్రి నడిపిన దుకాణాన్ని మిల్ట్ గేబ్లర్ కమడోర్ మ్యూజిక్ షాప్‌గా మార్చి, కంపెనీలు వదిలేసిన పాత రికార్డులను సేకరించి అమ్మాడు. 1935లో ఆయన, మార్షల్ స్టెర్న్స్, జాన్ హ్యామండ్ కలిసి యునైటెడ్ హాట్ క్లబ్స్ ఆఫ్ అమెరికా అనే సంఘాన్ని స్థాపించారు. మూల ముద్రలను కంపెనీల నుంచి అద్దెకు తీసుకుని, పాత రికార్డులను మళ్లీ అచ్చువేయించి సభ్యులకు అందించడం ఆ సంఘం ప్రధాన కార్యక్రమం. పునర్విడుదల అనే వ్యవస్థకు ఇదే పునాది. గేబ్లర్ మరొక మేలు కూడా చేశాడు. అంతవరకు రికార్డు మధ్యనుండే గుండ్రని కాగితం మీద సాధారణంగా వాద్యకారుల పేర్లకు బదులు బృందం పేరే ఉండగా, ఆయన ఏ వాద్యం ఎవరు వాయించారో పేరుపేరునా అచ్చువేయించాడు.

ఆ పేర్లను కనిపెట్టడానికి అభిమానులు పడిన శ్రమ అసాధారణమైనది. కాగితపు ముద్రకు అంచున నునుపుగా ఉండే భాగంలో చిన్న అంకెలు చెక్కి ఉంటాయి. వీటిని మేట్రిక్స్ సంఖ్యలు అంటారు. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తేనే కనిపించే ఆ అంకెల్లో, ఒకే పాటను స్టూడియోలో పలుసార్లు వాయించినప్పుడు అందులో ఇది ఎన్నవదో తెలిపే గుర్తు కూడా సాధారణంగా ఉంటుంది. ఒకే పాట, ఒకే పేరు, ఒకే బృందం అయినా రెండవసారి వాయించినది వేరొక సంగీతమే కనుక, ఆ చివరి అంకె కోసం అభిమానులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకునేవారు. ఈ సమాచారాన్ని క్రమబద్ధం చేసే రికార్డుల పట్టికను డిస్కోగ్రఫీ అంటారు. 1936లో పారిస్‌లో షార్ల్ దెలోనే ప్రచురించిన పట్టిక ఆ శాస్త్రానికి దారి చూపింది. తమ సంగీతం విలువను విదేశీయులు ముందుగా అక్షరబద్ధం చేయడం అమెరికన్ అభిమానులకు పట్టుదల కలిగించింది.

1939లో ఫ్రెడరిక్ రామ్సే, చార్లెస్ ఎడ్వర్డ్ స్మిత్ సంపాదకత్వంలో వెలువడిన 'జాజ్‌మెన్' గ్రంథం ఇటువంటి అన్వేషణల ఫలితమే. దాని కోసం వాకబు చేస్తున్న క్రమంలో, లూసియానాలోని న్యూ ఐబీరియాలో వాయించడం మానుకుని జీవిస్తున్న బంక్ జాన్సన్ అనే వృద్ధ ట్రంపెట్ విద్వాంసుడి ఆచూకీ దొరికింది. పళ్లు లేక ట్రంపెట్ ఊదలేకపోతున్న ఆయనకు అభిమానులు చందాలు వేసుకుని పళ్లసెట్టు, వాద్యం సమకూర్చగా, 1942లో ఆయన తొలిసారి రికార్డుకెక్కాడు. ఒక సంగీతాన్ని వినాలన్న కోరిక ఆ సంగీతాన్నే తిరిగి బతికించిన ఘట్టాలలో ఇంత హృద్యమైనది మరొకటి అరుదు. జాన్సన్ తరానికి ముందువాడైన బడీ బోల్డెన్ విషయంలో మాత్రం అదృష్టం కలిసి రాలేదు. ఆయన వాయించగా మైనపు గొట్టం మీద రికార్డు చేశారన్న మాట ఆధారంగా తరతరాల సేకర్తలు వెతికినా అది నేటికీ దొరకలేదు.

1942లో రెండు దెబ్బలు ఒకదాని వెంట ఒకటి తగిలాయి. యుద్ధం వల్ల లక్క దిగుమతి కష్టమై, రికార్డుల తయారీకి దాని వాడకంపై ప్రభుత్వం తీవ్రమైన కోత విధించింది. ఆగస్టు 1 నుంచి వాద్యకారుల సంఘం స్టూడియోలలో వాయించడం నిలిపివేసింది. డెక్కా కంపెనీ 1943లో రాజీకి రాగా, విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబరు వరకు పట్టుబట్టాయి. బీబాప్ అనే కొత్త శైలి రూపుదిద్దుకున్నది సరిగ్గా ఆ కాలంలోనే కావడంతో దాని తొలి అడుగులు చాలావరకు రికార్డు కాలేదు. మిగిలిన కాస్త సాక్ష్యానికి కూడా శ్రోతలే కారకులు. కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి జెర్రీ న్యూమన్ ఆ సమ్మెకు ముందే, 1941లో, హార్లెంలోని మింటన్స్ ప్లేహౌస్‌కు రికార్డింగ్ యంత్రం మోసుకువెళ్లి చార్లీ క్రిస్టియన్ గిటార్ వాదనను పదిలపరిచాడు. ఆ సమ్మె ముగిసిన తరువాత డీన్ బెనెడెట్టి 1947, 1948 సంవత్సరాలలో చార్లీ పార్కర్ కచేరీలను వెంటాడి, ఎక్కువగా పార్కర్ సాక్సోఫోన్ ఎత్తినప్పుడు యంత్రం నడిపి, ఇతరుల వంతు రాగానే ఆపేసేవాడు. ఆ ఏకాగ్రతలో భక్తి ఎంత ఉన్నదో, పక్కవాద్యాల పట్ల అన్యాయమూ అంత ఉన్నది.

పాత రికార్డుల మారకానికి 1942లో మొదలైన 'ది రికార్డ్ ఛేంజర్' పత్రికను తరువాత బిల్ గ్రాయర్, ఒరిన్ కీప్‌న్యూస్ చేపట్టారు. ఆ ఇద్దరే 1953లో రివర్‌సైడ్ కంపెనీని స్థాపించి, మొదట పాతవాటిని పునర్విడుదల చేసి, అనంతరం థెలోనియస్ మంక్, బిల్ ఎవాన్స్ వంటివారి కొత్త సంగీతాన్ని లోకానికి అందించారు. బెర్లిన్ నుంచి వలస వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ కూడా, 1938 డిసెంబరులో కార్నెగీ హాలులో జరిగిన కచేరీ విని ఉత్తేజితుడై, 1939లో బ్లూ నోట్ కంపెనీకి శ్రీకారం చుట్టిన అభిమానే. 1948లో కొలంబియా ప్రవేశపెట్టిన ఎల్పీ రికార్డు పక్కకు ఇరవై నిమిషాలకు పైగా సంగీతాన్ని ఇముడ్చుకోగలగడంతో దీర్ఘమైన ఆశుప్రస్తారాలకు తావు దొరికింది. రికార్డు అట్ట వెనుక వ్యాసం అచ్చువేయడం వ్యాపించి, కొన్నవారికి అదే పాఠ్యపుస్తకమైంది. 1934లో షికాగోలో ప్రారంభమైన 'డౌన్‌బీట్' పత్రిక నక్షత్రాల లెక్కతో రికార్డులను తూచేది. వాయించినవారి పేరు చెప్పకుండా రికార్డు వినిపించి వాద్యకారుల అభిప్రాయం రాబట్టే లెనర్డ్ ఫెదర్ శీర్షిక చెవికి, పేరుప్రతిష్ఠలకు మధ్యనున్న దూరాన్ని బయటపెట్టింది.

మైఖేల్ కస్కూనా, చార్లీ లూరీ నెలకొల్పిన మొజాయిక్ సంస్థ 1983 నుంచి ఒక్కొక్క విద్వాంసుడి రికార్డింగులను సమగ్ర సంపుటాలుగా, సంఖ్య వేసిన పరిమిత ప్రతులతో తపాలా ద్వారా అమ్మడం మొదలుపెట్టింది. బెనెడెట్టి రికార్డింగులు 1990లో వెలుగు చూసింది ఆ సంస్థ ద్వారానే. అక్కడి నుంచి జాజ్‌లో 'రాబోయే రికార్డు' అనే మాటకు విచిత్రమైన అర్థం స్థిరపడింది. 1957 నవంబరు 29న కార్నెగీ హాలులో మంక్, జాన్ కోల్‌ట్రేన్ కలిసి ఇచ్చిన కచేరీ టేపును 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో లారీ ఆపెల్‌బామ్ గుర్తించగా, ఆ ఏడాదే బ్లూ నోట్ విడుదల చేసింది. 1963 మార్చి 6న కోల్‌ట్రేన్ బృందం స్టూడియోలో వాయించిన సంగీతం, ఆయన మొదటి భార్య నయీమా కుటుంబం వద్ద మిగిలిన టేపు ఆధారంగా 2018లో వెలువడింది. 2008లో మొదలైన రికార్డు దుకాణాల పండుగ రికార్డ్ స్టోర్ డే నాడు తెల్లవారకముందే దుకాణాల ముందు బారులు తీరే జాజ్ అభిమానులలో చాలామంది వేచి ఉండేది ఇటువంటి అరవై ఏళ్లనాటి కొత్త రికార్డుల కోసమే.

ఈ ఆరాటం లేకపోతే ఎంత సంగీతం పోయేదో ఊహించడం కష్టం. అయితే గతం మీది మమకారం వర్తమాన వాద్యకారులకు దక్కవలసిన చెవిని కొంత లాగేసుకున్న మాట కూడా నిజం. భారతీయ సంతతి సాక్సోఫోన్ విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్ప, మన కచేరీలలో సుపరిచితుడైన కద్రి గోపాల్‌నాథ్‌తో కలిసి 2008లో చేసిన 'కిన్స్‌మెన్'ను పై రికార్డింగ్స్ అనే చిన్న న్యూయార్క్ సంస్థ విడుదల చేసింది. ఇటువంటి ప్రయోగాలను నిలబెట్టగలిగేది ముందుగా డబ్బు కట్టి ఎదురుచూసే శ్రోతలే. అయితే శ్రోతల డబ్బు కళాకారులకు చేరడం ఎప్పుడూ జరిగినది కాదు. రేస్ రికార్డుల కాలంలో పాటకు ఇంత అని చేతిలో పెట్టి పంపేస్తే, తరువాత ఎన్ని ప్రతులు అమ్ముడైనా చాలామంది నల్లజాతి కళాకారులకు ఒక్క సెంటు కూడా ముట్టేది కాదు. దీనికి భిన్నంగా 2020 మార్చి 20న, కోవిడ్ వల్ల కచేరీలన్నీ ఆగిపోయిన వేళ, ఆన్‌లైన్‌లో సంగీతం అమ్మే బ్యాండ్‌క్యాంప్ సంస్థ ఒక రోజు తన వాటా వదులుకుని అమ్మకపు సొమ్మును కళాకారులకు, వారి సంస్థలకు మళ్లించింది. తరువాత చాలా నెలల్లో మొదటి శుక్రవారం నాడు అదే పద్ధతి కొనసాగింది. ఆ శుక్రవారాల కోసం తాము కొనదలచిన రికార్డుల పేర్లు ముందుగానే రాసిపెట్టుకునే అలవాటు జాజ్ శ్రోతలలో కొందరికి అప్పటి నుంచి ఏర్పడింది.