తల్లి దిగులు - బిడ్డ తిరుగుబాటు

ఆవు చేలో మేయుచుండగా దూడ గట్టున మేయునా అని మన సామెత. బిడ్డ నడతకు తల్లియే కారణమని తేల్చివేయుటకు ఈ మాటను మనము తరతరములుగా వాడుచున్నాము. చిత్రమేమనగా, పాశ్చాత్య మానసిక శాస్త్రము కూడ ఇరువదవ శతాబ్దమున చాల కాలము ఇట్టి తీర్పునే వినిపించినది. ఆ తీర్పు ఎట్లు మారినదో శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగము ఉద్దేశము.

రెండవ ప్రపంచ సంగ్రామానంతరము, ఇల్లు వాకిలి లేని పిల్లలను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా ఆంగ్ల వైద్యుడు జాన్ బౌల్బీ వ్రాసిన నివేదిక 1951లో వెలువడినది. తల్లి ఆదరణ ఎడతెగక లభించుట శిశువు మనస్సునకు ఎంత అవసరమో అది లోకమునకు తెలియజెప్పినది. కాని ఆ కాలముననే తల్లిని నిందించు ధోరణియు బలపడినది. 1948లో అమెరికాలోని వైద్యురాలు ఫ్రీడా ఫ్రామ్ రైఖ్‌మన్, స్కిజోఫ్రీనియాను పుట్టించు తల్లి అను అర్థము గల ఒక పేరు ప్రయోగించినది. తరువాతి పరిశోధనలలో ఆ భావము నిలువలేదు. ఈలోగా ఎందరో తల్లులు బిడ్డ వ్యాధితోబాటు నిందను కూడ మోసినారు.

మన దేశమున మరొక దారి కనిపించినది. 1950 దశకమున అమృతసరమందలి మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలో గుడారములలో నివసింపజేసి, వారిని చికిత్సలో భాగస్వాములను చేసినారు. కుటుంబమును ముద్దాయిగా కాక తోడుగా చూచుట అందలి విశేషము.

1968లో రిచర్డు బెల్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ప్రశ్న లేవదీసినాడు. దాని సారమిది: తల్లి కఠినురాలు, బిడ్డ మొండిది అయినప్పుడు, ఏది కారణము, ఏది ఫలితము? బిడ్డయే తల్లిని మార్చి ఉండరాదా? 1975లో సామెరాఫ్, చాండ్లర్ అను ఇరువురు దీనిని మరి కొంత సాగదీసినారు. తల్లి బిడ్డను మలచును. ఆ బిడ్డ మరల తల్లిని మార్చును. కాలముతోబాటు ఈ ఇచ్చిపుచ్చుకొనుట సాగుచునే ఉండునని వారి సిద్ధాంతము.

పదునైదేండ్ల బాలుడు గల ఒక ఇంటిని ఊహింతము. తల్లికి కొన్ని నెలలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, దేనియందును ఆసక్తి లేదు. ఇది సోమరితనము కాదు. డిప్రెషన్ అను వ్యాధి. కుమారుడు పలుకరించినను ఆమె ముక్తసరిగా బదులు చెప్పును. అమ్మకు తాను అక్కరలేదని వాడనుకొనును. ఆలస్యముగా ఇల్లు చేరును, ఎదురు చెప్పును, చదువు మానును. ఇరుగుపొరుగువారు తల్లినే అందురు. తానెందుకును కొరగానిదాననని ఆమె మరింత క్రుంగును. ఎవరు మొదలుపెట్టినారని అడుగుట, గానుగెద్దు ఎచ్చట బయలుదేరినదని అడుగుట వంటిది.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున, ఎక్కువగా పేద కుటుంబముల బాలురను 5వ ఏటి నుండి 15వ ఏటి వరకు గమనించిన పరిశీలన 2008లో ప్రకటింపబడినది. కౌమారమున తల్లి దిగులు ప్రభావము కుమారుని నడతపై నిలకడగా కనిపించినది. కుమారుని నడత తల్లిపై చూపు ప్రభావము, అతడు కౌమారములో అడుగిడు వేళ స్పష్టమైనది.

మరి తల్లి దిగులు ఎచ్చటిది? లండనులోని కాంబర్‌వెల్ ప్రాంత స్త్రీలను గూర్చి జార్జి బ్రౌన్, టిరిల్ హారిస్ 1978లో ప్రకటించిన గ్రంథము కొంత సమాధానమిచ్చినది. కష్టము వచ్చినప్పుడు మనసు విప్పి చెప్పుకొను ఆత్మీయులు లేకుండుట, పసితనముననే తల్లిని కోల్పోవుట, ఇంటిలో చిన్నపిల్లలు ముగ్గురో అంతకు మించియో ఉండుట స్త్రీని ఈ వ్యాధికి లోబరచునని వారు చూపినారు. నేరము ఆమెది కాదు.

2006లో మిర్నా వైస్మన్, ఆమె సహచరులు 151 మంది తల్లులను, 7 మొదలు 17 ఏండ్ల వయసు గల వారి బిడ్డలను పరిశీలించినారు. మూడు మాసముల మందుల చికిత్సతో తల్లి కోలుకొన్న ఇండ్లలో, పిల్లల మానసిక రుగ్మతలు నూటికి సుమారు 11 వంతున తగ్గినవి. కోలుకొనని ఇండ్లలో సుమారు 8 వంతున పెరిగినవి. తల్లి కోలుకొనుటయే ఏకైక కారణమని ఈ ఒక్క పరిశీలనతో నిశ్చయింపరాదు; అయినను ఆశకు తావున్నది.

వలయమునకు మొదలు దొరకకపోయినను, ఎచ్చటనైనను త్రెంపవచ్చును. నింద భయమున తల్లి తన బాధను దాచినచో ఆ అవకాశము జారిపోవును. ఆమెకు వైద్యము, బాలునికి ఓర్పుతో వినువారు, ఇరువురికి ఇంటివారి అండ కావలెను. ఎవరిని అడుగవలెనో తెలియనివారికి, 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై ఉన్నది. దూడ చేలో పడినప్పుడు ఆవును కొట్టుటకు ముందు, అది ఎన్ని దినములుగా మేత ముట్టలేదో చూచుట మన ధర్మము.