తప్పు పట్టే కొయ్యముక్కలు

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరికీ ఒక తాఖీదు పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏం చదువుతున్నారు, రాసి పంపమన్నాడు. మన పెద్దాపురం అప్పట్లో రాజమండ్రి జిల్లాలోది, వత్సవాయి వారి జమీందారీ. రాజమండ్రి నుంచీ జవాబు వెళ్ళింది. కానీ వీధిబడి లోపల ఏం జరుగుతుందో కళ్ళకు కట్టినట్టు రాసినవాడు బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాసింది ఈయనే.

పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెచ్చుకోలూ లేదు, మందలింపూ లేదు. మూడోవాడికి మెత్తగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు అలా పెరుగుతూ పోవడమే. అక్షరాలు నేలమీద ఇసుకలో వేలితో దిద్దించేవారు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. ఒక్క పంతులు అంతమందిని నెట్టుకొచ్చే కిటుకు అదే. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. మద్రాసులో సైనికుల అనాథ బాలుర బడి చూసుకున్న ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఈ ఇసుక రాతనూ, పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతినీ అక్కడ వాడి చూసి, 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చు వేయించాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది.

ఇసుక చల్లగా ఉంటుంది, చెరిపితే చెరుగుతుంది, పైసా ఖర్చు లేదు. చేతులతో నేర్చుకోవడానికి అంతకంటే మంచి సాధనం ఏముంటుంది? అయితే అందులో ఒక లోటు ఉంది. ‘అ’ వంకరగా దిద్దినా ఇసుక ఏమీ అనదు. అనవలసింది పంతులో, పక్కనున్న చట్టాంబిళ్ళ అనే పెద్ద పిల్లాడో. తప్పు తెలియాలంటే ఎవరో ఒకరు చూడాలి. చూసినవాడి చేతిలో బెత్తం కూడా ఉండేది.

తప్పు పట్టే పనిని మనిషి చేతిలోంచి తీసి వస్తువుకు అప్పగించిన ఘనత ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరిది. మందబుద్ధులని ముద్రవేసి ఆసుపత్రుల్లో పడేసిన పిల్లలతో ఆమె పని మొదలుపెట్టింది. ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగాఁ అలాంటి పిల్లల కోసం చేసిన పరికరాలను వెతికి పట్టుకుంది. 1907 జనవరి 6న రోములోని శాన్ లోరెంజో అనే పేదవాడలో బడి తెరిచి, మామూలు పిల్లలకు వాటినే ఇచ్చి చూసింది.

ఆమె సామగ్రిలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించేది స్తంభాల దిమ్మ. పొడవాటి కొయ్యదిమ్మకు పది గుంటలు. గుంటల్లో దిగే పది గుండ్రటి స్తంభాలు, పట్టుకోవడానికి ఒక్కోదానికీ ఒక బుడిపె. అన్నీ తీసి కలిపేసి, మళ్ళీ ఎక్కడివి అక్కడ పెట్టమంటారు. సన్న స్తంభాన్ని లావు గుంటలో పెడితే అది దిగిపోతుంది, పిల్లాడికి ఏమీ తెలియదు. కానీ చివరికి చేతిలో ఒక లావు స్తంభం మిగిలిపోతుంది. అది పట్టే గుంట ఎక్కడా ఉండదు. తప్పు చేసిన క్షణాన కాకుండా, కాసేపాగి బయటపడటంలోనే ఉంది కిటుకంతా. ఎక్కడ పొరపడ్డాడో వాడే వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. ‘తప్పురా’ అని ఎవరూ అనలేదు. పక్కవాడికి తెలియను కూడా తెలియదు.

కదురుల పెట్టె మరొకటి. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసిన అరలు, నలభై అయిదు కదురులు. ఒకటో అరలో ఒకటి, రెండో అరలో రెండు, అలా వేసుకుంటూ పోతే తొమ్మిదో అరతో సరిగ్గా అయిపోవాలి. మిగిలినా, చాలకపోయినా లెక్క ఎక్కడో తప్పింది. సున్నా అర ఖాళీగా ఉంటుంది. బళ్ళారి బడిలో రెండోవాడి చేతిలో రాసిన సున్నాతో పోలిస్తే ఇదెంత నయం!

అన్నీ ఇలాంటివే కావు. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది గులాబీరంగు ఘనాలను బురుజులా పేర్చమంటారు. వరస తప్పితే బురుజు కూలదు, చూపుకు ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతే. అక్కడ తప్పు పట్టవలసింది కన్ను. అసలు పిల్లాడి కంటికి ఆ పదును పెట్టడమే ఆమె ఉద్దేశం.

1931 అక్టోబరులో గాంధీజీ లండన్‌లో ఆమెను కలిశారు. ఇలాంటి చదువు ఉన్నవాళ్ళ పిల్లలతో ఆగిపోకుండా నిరుపేదల పిల్లలకూ అందాలని అక్కడే సభలో అన్నారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం పెద్దలు అరండేల్, రుక్మిణీదేవి దంపతుల పిలుపు మీద ఆమె మద్రాసు అడయారుకు వచ్చింది. తాటాకు పందిళ్ళ కింద జరిగిన మొదటి శిక్షణకు దేశం నలుమూలల నుంచి మూడువందల మంది దాకా వచ్చారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో ఆమె శత్రుదేశస్థురాలైంది. కొడుకు మారియోను నిర్బంధించారు. ఆగస్టు 31న, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజు కానుకగా వైస్రాయి అతణ్ణి విడిచిపెట్టాడు. కొన్ని నెలలకని వచ్చినావిడ 1946 దాకా ఇక్కడే ఉండిపోయింది.

తెలుగునేల మీద ఆ పేరు నిలబెట్టినవారు విజయవాడలో వి. కోటేశ్వరమ్మ. 1955లో ఆమె పిల్లల మాంటిస్సోరి బడి పెట్టారు, తర్వాత మహిళా కళాశాల కూడా దాని వెంట వచ్చింది. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ పేరుకొచ్చిన పరపతి చూసి కోస్తా పట్నాల్లో సందుకో బోర్డు లేచింది. బోర్డు పెట్టడం తేలిక. స్తంభాల దిమ్మ కొనడం, దాన్ని పిల్లాడికి ఇచ్చి చేతులు కట్టుకు కూర్చోవడం కష్టం. మొదటిదానికి డబ్బు కావాలి, రెండోదానికి ఓపిక.

సర్కారు బడి కథ వేరే. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, పాత మాస్టర్ల నోట ‘అపెప్’, 1980లలో బ్రిటన్ సాయంతో మొదలై 1996 దాకా నడిచింది. చేస్తూ నేర్చుకోవాలి, జట్లుగా కూర్చోవాలి, పరిసరాల్లో దొరికేవే వాడాలి అని చెప్పిన దాని ఆరు సూత్రాలు అప్పటి శిక్షణల్లో కూర్చున్నవారికి ఇప్పటికీ కంఠతా వచ్చు. 1987లో నల్లబల్ల పథకం కింద బడులకు సామాన్ల పెట్టెలొచ్చాయి. ఆ వెనక జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) వచ్చింది, టీచరుకు ఏటా 500 రూపాయలు సామగ్రికి ఇచ్చింది. దాంతో బోధన సామగ్రి (టీఎల్‌ఎం) మేళాలు పుట్టుకొచ్చాయి. థర్మాకోల్ గోపురాలు, మెరుపు కాగితాలు, స్కెచ్ పెన్నుల చార్టులు. ఎంత కష్టపడి చేసేవారో! మేళా అయ్యాక అవి గోడకెక్కేవి, పిల్లలు ముట్టుకుంటే విరిగిపోతాయని భయం. చూడటానికి చేసిన వస్తువు వేరు, పిల్లాడి తప్పును వాడికే చూపించే వస్తువు వేరు. మేళాల్లో ఈ తేడాకు మార్కులు ఉన్నట్టు కనపడదు.

ఆ తేడాను ఎరిగి పనిచేసినవారు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థలో ఉన్నారు. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర్లో చుట్టుపక్కల పల్లెల కోసం ఒక్క పంతులుతో నడిచే బడులను మలిచారు. అన్ని తరగతులూ ఒకే గదిలో. గోడమీద నేర్చుకునే మెట్లను వరసగా చూపే ‘నిచ్చెన’, ఒక్కో మెట్టుకూ ఒక బొమ్మ గుర్తు. పిల్లాడు తానెక్కడున్నాడో చూసుకుని ఆ గుర్తున్న కార్డు తనే తెచ్చుకుంటాడు. పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం. రానిది ఉంటే మళ్ళీ ఒకసారి, లేకుంటే ఇంకాస్త ముందుకు. కొన్ని కార్డులకు పంతులు పక్కన కూర్చోవాలి, కొన్నిటికి స్నేహితుడు చాలు, కొన్నిటికి ఎవరూ అక్కర్లేదు. పిల్లలే పిల్లలకు చెప్పే పాత వీధిబడి ఇందులో ఉంది. వస్తువే తప్పు చూపించే మాంటిస్సోరీ ఉంది. బెత్తం మాత్రం లేదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు వచ్చి చూసి వెళ్ళాక కర్ణాటకలో ‘నలి-కలి’ పుట్టింది. ఆ తర్వాత తమిళనాడు అందుకుంది. పొరుగువాళ్ళు రాష్ట్రమంతా పరిచిన దాన్ని మనం ఇంట్లోనే ఉంచుకుని అంత మనసు పెట్టలేదని నా ఫిర్యాదు.

పెద్దాపురం పిల్లల చేతికి ఇదంతా అందడానికి రోము నుంచి పెట్టె రానక్కర్లేదు. వామనగుంటల పలకకు పద్నాలుగు గుంటలు, చేతినిండా చింతపిక్కలు ఉంటాయి. అలాంటి పలకమీదే ‘4’ పక్కన నాలుగు చిన్న గుంటలు, ‘7’ పక్కన ఏడు తొలిపిస్తే చాలు. గుంటకొక పిక్క పెట్టాక ఖాళీ మిగిలితే లెక్క తక్కువైనట్టు, పిక్క మిగిలితే ఎక్కువైనట్టు. పాత శుభలేఖ అట్టమీద ఒక పక్క ఆవు బొమ్మ, మరో పక్క ‘ఆవు’ అని రాసి మధ్యలో వంకరటింకరగా కత్తిరిస్తే, ఆ ముక్క ఇంకే బొమ్మకూ అతకదు. ఒక్కో అట్టకు ఒక్కో వంకర ఉండాలి, అంతే.

కొయ్య సామాను దగ్గర చవక పనికిరాదు. గుంటకూ స్తంభానికీ మధ్య సందు కాస్త ఎక్కువైతే లావుది కూడా పక్క గుంటలో దిగిపోతుంది, తప్పు దాక్కుంటుంది. వానాకాలం తేమకు కొయ్య ఉబ్బితే సరైన స్తంభం కూడా దిగదు, వాడు చేసిన ఒప్పే తప్పవుతుంది. అందుకే ఇది అచ్చు ప్లాస్టిక్ పని కాదు, తరిమిణ పట్టిన చేతి పని. తుని దాటాక వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిమిణపై తిప్పి లక్క అద్ది భరిణెలు, బొంగరాలు చేసే ఊరు. మూత సరిగ్గా పట్టే భరిణె చేయగల చేతికి స్తంభాల దిమ్మ లెక్కలోది కాదు. ఆ ఊరి సి.వి. రాజు పూనికతో చెట్ల నుంచి తీసే రంగులు మళ్ళీ వాడకంలోకి వచ్చాయి. 2017లో ఆ ఊరి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగు కావడం చిన్న సంగతి కాదు.

2023 ఫిబ్రవరిలో కేంద్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ‘జాదూయీ పిటారా’ విడుదల చేసింది. ఆటవస్తువులు, బొమ్మలు, కార్డులు అన్నీ ఒకే పెట్టెలో. ఇలాంటి పెట్టెలతో వచ్చే చిక్కల్లా స్టాకు రిజిస్టరుది. ముక్క పోతే జవాబు చెప్పుకోవలసింది టీచరు, కనుక బీరువాలో పెట్టి తాళం వేస్తే నిశ్చింత. స్తంభాల దిమ్మలో ఒక్కటి పోయినా మిగతా తొమ్మిదీ వృథా అన్న మాట నిజమే. ఆ ఒక్కదాన్ని కొలత రాసి పంపితే చేసిచ్చేవాడు రైలు దారిలో కొన్ని స్టేషన్ల అవతలే ఉన్నాడు. ఆ ఖర్చుకు రిజిస్టరులో ఒక గడి కావాలి.