డర్బన్ నుంచి ప్రిటోరియాకు: 1893 నాటి ఒక ఒంటరి ప్రయాణం

దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్ రైల్వే స్టేషన్లో ఒక ఫలకం ఉంది. 1893 జూన్ 7 రాత్రి ఎం. కె. గాంధీని మొదటి తరగతి పెట్టెలోంచి బయటికి నెట్టింది ఆ దరిదాపుల్లోనేనని అది చెబుతుంది. స్మారక సభలూ, పత్రికల్లోని వ్యాసాలూ ఆ తేదీనే అనుసరిస్తాయి. అయితే గాంధీ ఆత్మకథలో ఆ తేదీ లేదు. డర్బన్ చేరిన ఏడవ రోజునో ఎనిమిదవ రోజునో అక్కడినుంచి బయలుదేరానని మాత్రమే ఆయన రాశాడు. ఆయన ఓడ దిగింది మే 23, 24 తేదీల ప్రాంతంలో. ఆ లెక్కన ప్రయాణం మే నెలాఖరులోనే మొదలై ఉండాలి.

ఆత్మకథలోనే ఇంకొక ఆనవాలు ఉంది. ప్రిటోరియాలో దిగినది ఆదివారంనాడని, అందుకే స్టేషనుకు ఎవరూ రాలేదని గాంధీ చెబుతాడు. అక్కడినుంచి వెనక్కి లెక్కించవచ్చు. జొహానెస్‌బర్గ్ చేరినది శనివారం రాత్రి. గుర్రపుబండి స్టాండర్టన్‌లో ఆగినది శుక్రవారం రాత్రి. మారిట్స్‌బర్గ్ నుంచి మళ్ళీ రైలెక్కినది గురువారం సాయంకాలం. అంటే ఆయనను రైల్లోంచి నెట్టిన రాత్రి బుధవారం కావాలి. 1893లో జూన్ 7 బుధవారమే. మే 31 కూడా బుధవారమే. వారం రెండు తేదీలకూ కుదురుతుంది గాని, ‘ఏడెనిమిది రోజులు’ అన్న మాట మే 31 వైపే మొగ్గుతుంది. ఆత్మకథ పత్రికలో ధారావాహికగా రావడం 1925లో మొదలైంది. ముప్పై రెండేళ్ళ నాటి జ్ఞాపకంలో ఒక వారం అటూ ఇటూ కావడం వింతేమీ కాదు కాబట్టి, ఇంతమాత్రాన జూన్ 7ను తోసిపుచ్చనక్కరలేదు. కాని ఈ లెక్క వేస్తే తప్ప ఒక సంగతి కంటికి ఆనదు. అది బుధవారం నుంచి ఆదివారం దాకా ఐదు రోజుల ప్రయాణం. లోకానికి గుర్తున్నది అందులో ఒక్క రాత్రే.

ఐదు రోజులు పట్టడానికి మొదటి కారణం రైలుమార్గమే. నేటాల్ అప్పుడు బ్రిటిష్ వలస రాజ్యం. ట్రాన్స్‌వాల్ బోయర్ల గణతంత్రం. నేటాల్ ప్రభుత్వ రైల్వే 1891లో సరిహద్దు ఊరైన చార్ల్స్‌టౌన్ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడినుంచి జొహానెస్‌బర్గ్‌కు గుర్రపుబండే గతి. జొహానెస్‌బర్గ్, ప్రిటోరియాల మధ్య రైలు నడవడం మొదలై అప్పటికి ఆరు నెలలైనా కాలేదు. అది వేరే కంపెనీది, డచ్చివారిది. ఇరవైమూడేళ్ళ బారిస్టరుకు ఆ దేశపు భాషలూ తెలియవు, ఆచారాలూ తెలియవు. దాదా అబ్దుల్లా కంపెనీ తరఫున నలభై వేల పౌన్ల దావా పనిమీద వెళుతున్నాడు. చేతిలో మొదటి తరగతి టిక్కెట్టు ఉంది. పక్కబట్టలకు ఐదు షిల్లింగులు అదనంగా కట్టమని అబ్దుల్లా సేఠ్ ఎంత చెప్పినా వినలేదు. మొండితనం, అభిమానం, ఐదు షిల్లింగుల పొదుపు, ఈ మూడూ కారణాలేనని తరువాత తానే ఒప్పుకున్నాడు.

రాత్రి తొమ్మిది గంటలకు మారిట్స్‌బర్గ్‌లో జరిగినది అందరికీ తెలిసినదే. ఒక ప్రయాణికుడు ఆయనను ఎగాదిగా చూసి వెళ్ళి అధికారులను పిలుచుకొచ్చాడు. వ్యాన్ పెట్టెలోకి పొమ్మన్నారు. పోనన్నందుకు కానిస్టేబులు చేయి పట్టి బయటికి నెట్టాడు. అది చలికాలం. ఓవర్‌కోటు సామానులో ఉంది, సామాను రైల్వేవారి దగ్గర ఉంది. అడిగితే మళ్ళీ అవమానిస్తారేమోనని అడగలేదు. తెల్లవారాక రైల్వే జనరల్ మేనేజరుకూ, అబ్దుల్లా సేఠ్‌కూ తంతులు పంపాడు. ఆ సాయంకాలమే మరొక రైల్లో ఆయనకు చోటు సిద్ధమైంది. ఈసారి ఐదు షిల్లింగులు పెట్టి పక్కబట్టల టిక్కెట్టు కూడా కొనుక్కున్నాడు.

ఆ పగలు ఊళ్ళోని భారతీయ వర్తకులు వచ్చి తమ అనుభవాలు చెప్పారు. మొదటి, రెండవ తరగతుల్లో ఎక్కే భారతీయులకు ఇలాంటివి మామూలేనన్నారు. మరి ఆ తరగతుల ఊసే లేనివారి మాట? దక్షిణాఫ్రికాలో తొలి ప్రయాణికుల రైలు డర్బన్‌లో నడిచినది 1860 జూన్‌లో. అదే ఏడాది నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి తొలి ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. ఆ తరువాతి దశాబ్దాల్లో ఆ రేవుకు వచ్చినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ వేల సంఖ్యలో ఉన్నారు. చాలామంది చెరకు తోటలకు పోగా, కొందరు రైలుదారుల పనికి కుదిరారు. ఒప్పందం కింద ఉన్న కూలీ యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా తోట దాటి పోరాదు. తెల్లవారు భారతీయులందరినీ ‘సామీ’ అని పిలిచేవారు. మద్రాసు వైపు పేర్ల చివర వచ్చే ‘స్వామి’ అలా తిట్టుగా మారింది. బారిస్టరును సైతం ‘కూలీ బారిస్టర్’ అన్నారు. జనరల్ మేనేజరుకు తంతి పంపితే జవాబు వస్తుందన్న ధైర్యం ఆ సామీల్లో ఎవరికుంటుంది? వారి ప్రయాణాలు ఓడల జాబితాల్లో పేరు, ఊరు, వయసుగా మిగిలాయి, అంతే.

శుక్రవారంనాటి గుర్రపుబండి ఘట్టానికి చరిత్రకారులు ఇంకా ఎక్కువ చోటు ఇవ్వవలసింది. టిక్కెట్టు రద్దయిందని చార్ల్స్‌టౌన్ ఏజెంటు సాకు చెప్పాడు. అసలు సంగతి, బండి లోపల తెల్లవారి పక్కన కూర్చోబెట్టడం ఇష్టంలేకపోవడం. బండి పెద్ద తన చోటును, అంటే తోలేవాడి పక్కనున్న బయటి సీటును, గాంధీకి ఇచ్చి తాను లోపల కూర్చున్నాడు. అది అవమానమని తెలిసీ, బండి తప్పిపోతే ఇంకో రోజు పోతుందని గాంధీ ఊరుకున్నాడు. మధ్యాహ్నం మూడు గంటల వేళ పార్డెకోప్ దగ్గర ఆ మనిషికి చుట్ట కాల్చుకోవాలనో, గాలి పోసుకోవాలనో బుద్ధి పుట్టింది. కాళ్ళు పెట్టుకునే పలకమీద మురికి గోనెపట్టా పరిచి, గాంధీని అక్కడ కూర్చోమన్నాడు. ఒప్పుకోకపోతే చెంపలు వాయించి, చేయి పట్టి లాగాడు. గాంధీ ఇత్తడి కడ్డీలను వదలలేదు. చివరికి లోపలి ప్రయాణికులే కలగజేసుకుని ఆపారు.

ఆ తరువాత జరిగినదాన్ని ఆత్మకథ ఒక్క వాక్యంలో దాటేస్తుంది. తోలేవాడికి రెండో పక్కన ఒక ఖోయ్‌ఖోయ్ సేవకుడు కూర్చుని ఉన్నాడు. (ఆ జాతికి గాంధీ వాడిన మాట నాటి తెల్లవారిది; నేడు దాన్ని తిట్టుగానే పరిగణిస్తారు.) బండి పెద్ద అతణ్ణి పలకమీదికి దింపి, ఆ చోటు తాను తీసుకున్నాడు. గాంధీ చోటు గాంధీకి దక్కింది. గోనెపట్టా మీద మాత్రం ఎవరో ఒకరు కూర్చోక తప్పలేదు. ఆ సేవకుడి పేరు గాని, అతడు ఏమన్నాడన్నది గాని ఎక్కడా లేదు. ఇరవైమూడేళ్ళ గాంధీకి ఇది ఒక అన్యాయంగా తట్టినట్టు ఆ కథనంలో సూచన కనబడదు.

జొహానెస్‌బర్గ్‌లో హోటలువారు గదులు ఖాళీ లేవన్నారు. ట్రాన్స్‌వాల్‌లో భారతీయులకు పై తరగతి టిక్కెట్లు ఇవ్వరని అక్కడి వర్తకులు చెప్పారు. గాంధీ ముందు రైల్వే నిబంధనల పుస్తకం తెప్పించి చదివాడు. వాటి భాష అంత బిగువైనది కాదని గ్రహించాడు. స్టేషన్ మాస్టరుకు చీటీ పంపి, జవాబు తానే వచ్చి తీసుకుంటానన్నాడు. రాతలో అడిగితే కాదనడమే సులువని ఆయనకు తెలుసు. ఫ్రాక్‌కోటూ నెక్‌టై వేసుకుని వెళ్ళి, బల్లమీద ఒక సవరను పెట్టాడు. ఆ స్టేషన్ మాస్టరు తాను ట్రాన్స్‌వాల్‌వాణ్ణి కాననీ, హాలండువాణ్ణనీ చెప్పి, గార్డు దింపేస్తే తనను ఇరికించవద్దన్న షరతుతో టిక్కెట్టిచ్చాడు. ఆ రైల్వే డచ్చి కంపెనీది కావడంవల్ల ఉద్యోగుల్లో హాలండునుంచి వచ్చినవారు చాలామంది ఉండేవారు. గాంధీకి దొరికిన సందు అదే. జెర్మిస్టన్‌లో గార్డు వచ్చి మూడవ తరగతికి పొమ్మన్నప్పుడు, ఆ పెట్టెలో ఉన్న ఒకే ఒక ఇంగ్లీషు ప్రయాణికుడు అడ్డుపడ్డాడు.

ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు రైలు ప్రిటోరియా చేరింది. స్టేషన్లో దీపాలు మసకగా వెలుగుతున్నాయి. ప్రయాణికులంతా వెళ్ళిపోయేదాకా ఆగి, టిక్కెట్లు తీసుకునే ఉద్యోగిని చిన్న హోటలేదైనా ఉందా అని అడగబోయాడు. పక్కనే నిలబడి ఉన్న ఒక నల్లజాతి అమెరికన్ ఆ మాటల్లో కలగజేసుకుని, తనకు తెలిసిన జాన్‌స్టన్ హోటలుకు ఆయనను స్వయంగా తీసుకుపోయాడు. భోజనం గదిలోనే చేయాలన్న షరతుమీద జాన్‌స్టన్ ఆ రాత్రికి చోటిచ్చాడు. కొంతసేపటికి ఆయనే తిరిగివచ్చాడు. మిగతా బసవారిని అడిగి చూశాననీ, ఎవరికీ అభ్యంతరం లేదనీ, కిందికి వచ్చి అందరితో కలిసి తినవచ్చనీ చెప్పాడు.