సామూహిక ప్రమాదాలలో నష్టపరిహారం

ఒకే ప్రమాదం వలన అనేకమంది మరణించినపుడు లేదా అనారోగ్యం పాలైనపుడు, అందుకు బాధ్యులైన వారి నుండి న్యాయస్థానం ద్వారా గాని, రాజీ ద్వారా గాని బాధితులకు లభించే సొమ్మును '''సామూహిక ప్రమాద నష్టపరిహారం''' అనవచ్చును. బాధితులు వేల సంఖ్యలో ఉన్నపుడు ఒక్కొక్కరి నష్టాన్ని విడిగా విచారించుటకు ఏళ్ళు పడుతుంది. అందరికీ కలిపి ఒకే మొత్తం నిర్ణయిస్తే తీవ్రంగా నష్టపోయిన వారికి అన్యాయం జరుగవచ్చును.

== చట్టాలు ==
ప్రమాదకరమైన పరిశ్రమ నడుపువారు ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నను, జరిగిన నష్టానికి వారిదే సంపూర్ణ బాధ్యత అని 1986 డిసెంబరులో ఢిల్లీ శ్రీరామ్ ఒలియం వాయువు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం పారిశ్రామిక ప్రమాద బాధితులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం క్రింద పరిహారానికి 5 సంవత్సరాలలోపు దరఖాస్తు చేసుకొనవలెను. తగిన కారణం చూపినచో మరో 60 రోజులు గడువు లభిస్తుంది. ఆలస్యంగా బయటపడే వ్యాధులకు ఈ గడువు ఇబ్బందికరమైనది.

== భోపాల్ రాజీ ==
1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడినది. 1985లో చేసిన చట్టం ద్వారా బాధితులందరి తరఫున దావా వేసే హక్కును కేంద్ర ప్రభుత్వం తీసుకొన్నది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. ముందుగా బాధితుల అభిప్రాయం వినలేదన్నది దీనిపై వచ్చిన ప్రధాన విమర్శ. తరువాత 5 లక్షల మందికి పైగా బాధితులుగా గుర్తింపు పొందారు. వ్యాధి లక్షణాలు తరువాత బయటపడే వారికొరకు వైద్య బీమా తీసుకొనవలెనని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించినను ప్రభుత్వం తీసుకోలేదు. అదనపు పరిహారం కోరుతూ కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చి 14న తోసిపుచ్చుతూ, కోర్టు ఈ నిర్లక్ష్యాన్ని తప్పుపట్టినది.

== విశాఖపట్నం ==
2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్.జి.పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు, వెంటిలేటరుపై ఉన్నవారికి 10 లక్షలు, ప్రభావిత గ్రామాలలోని ఒక్కొక్కరికి 10 వేల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినది. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా కేసు చేపట్టి, 50 కోట్ల రూపాయలు జమచేయమని మే 8న కంపెనీని ఆదేశించినది. జూన్ 1న సంస్థదే సంపూర్ణ బాధ్యత అని పేర్కొన్నది. ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియా సత్వర సహాయమే గాని, బాధ్యుల నుండి రావలసిన పరిహారానికి ప్రత్యామ్నాయం కాదు.

== ఏలూరు ==
2020 డిసెంబరులో ఏలూరులో 500 మందికి పైగా మూర్ఛ, స్పృహ తప్పుటతో ఆసుపత్రుల పాలయ్యారు. రోగుల రక్త నమూనాలలో సీసము, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షలలో తేలినది. పురుగుమందుల అవశేషాలు కూడా కారణం కావచ్చునని నిపుణులు భావించారు. ఇటువంటి సందర్భాలలో కారకులెవరో తేలనిదే సంపూర్ణ బాధ్యత సూత్రం ఎవరికీ వర్తించదు. బాధితులకు ప్రభుత్వ సహాయమే ఆధారమవుతుంది.