రేడియేషన్ అంటే ఏంటి? ‘కరెంటు పెట్టించడం’ నుంచి సెల్ టవర్ దాకా ఒకే మాటకు ఎన్ని అర్థాలు?

“అమ్మమ్మకు కరెంటు పెట్టిస్తున్నారు. పిల్లల్ని దగ్గరకు పోనివ్వకండి.”

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో క్యాన్సర్ రోగి ఉన్న ఇళ్లలో ఇలాంటి మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి వేరే మంచం, వేరే గ్లాసు. మనవడు వచ్చి ఒళ్లో కూర్చోబోతే ఎవరో ఒకరు చెయ్యిపట్టి లాగేస్తారు.

అదే ఇంట్లో తలనొప్పి వస్తే డాక్టర్ రాయకముందే “సీటీ తీయించేద్దాం” అనే వాళ్లూ ఉంటారు.

మొదటి సందర్భంలో అక్కర్లేని భయం కనిపిస్తుంది. రెండో చోట ఉండాల్సిన జాగ్రత్త లేదు. రెండింటికీ కారణం ఒక్కటే. రేడియేషన్ అనే ఒకే మాటను మనం పది రకాల సంగతులకు వాడుతున్నాం. ఏది ఏంటో విడదీసి చూద్దాం.

ఈ మాటలకు తేడా ఏంటి?

రేడియేషన్ అంటే ఒక చోటు నుంచి కిరణాల రూపంలోనో, కణాల రూపంలోనో బయలుదేరి ప్రయాణించే శక్తి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘వికిరణం’ అంటారు. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం మీ నెత్తిన పడే ఎండ కూడా రేడియేషనే. పొయ్యి ముందు కూర్చుంటే మొహానికి తగిలే వేడి, రేడియో తరంగాలు, ట్యూబ్‌లైటు వెలుగు.. అన్నీ ఇందులోకే వస్తాయి.

‘రేడియోధార్మికత’ దీనికి భిన్నమైన మాట. పత్రికల్లో ‘అణుధార్మికత’ అని కూడా రాస్తుంటారు. కొన్ని పదార్థాల పరమాణు కేంద్రకాలు నిలకడగా ఉండవు. అవి వాటంతటవే విచ్ఛిన్నమవుతూ రేడియేషన్‌ను విడుదల చేస్తాయి. ఆ గుణాన్నే రేడియోధార్మికత అంటారు. యురేనియం, రేడియం, కోబాల్ట్-60 ఇలాంటివే.

జర్మనీ శాస్త్రవేత్త రాంట్జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనిపెట్టారు. అవేంటో అప్పటికి అంతుబట్టకపోవడంతో ‘ఎక్స్’ అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో హెన్రీ బెకరల్ యురేనియం లవణాల్లో రేడియోధార్మికతను గుర్తించారు. ఈ రెండూ వేర్వేరు ఆవిష్కరణలు. వాడుకలో మాత్రం రెండూ కలిసిపోయి ‘రేడియేషన్’ అయ్యాయి.

అన్నీ ప్రమాదకరమేనా?

కాదు. శాస్త్రవేత్తలు రేడియేషన్‌ను రెండు రకాలుగా చూస్తారు.

మొదటిది అయనీకరణ రేడియేషన్. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత శక్తి దీనికి ఉంటుంది. ఇది కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీయగలదు. ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు, ఆల్ఫా, బీటా కణాలు ఈ రకం.

రెండోది ఆ శక్తి లేనిది. రేడియో తరంగాలు, సెల్‌ఫోన్ సిగ్నల్, వైఫై, మైక్రోవేవ్, మామూలు వెలుతురు ఈ కోవలోకి వస్తాయి. మోతాదు బాగా ఎక్కువైతే వేడి పుట్టిస్తాయి తప్ప పరమాణువులను చీల్చలేవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ రెండింటికీ సరిహద్దులో ఉంటాయి. వాటివల్ల చర్మ క్యాన్సర్ ముప్పు ఉంది.

తగలడం వేరు, అంటుకోవడం వేరు

ఈ ఒక్క తేడా తెలిస్తే సగం భయం పోతుంది.

మీరు ఎండలో నిలబడ్డారనుకోండి, ఒంటికి వేడి తగులుతుంది. నీడలోకి వస్తే ఆగిపోతుంది. ఎండలో తిరిగొచ్చిన మనిషిని ముట్టుకుంటే మీకు ఎండ తగలదు కదా. అదే మిరప కోతకు వెళ్లొచ్చిన మనిషి సంగతి వేరు. ఘాటు చేతికి అంటుకుని ఉంటుంది. కడుక్కోకుండా పిల్లాడి కంటిని ముట్టుకుంటే పిల్లాడికీ మంటే.

రేడియేషన్ కూడా అంతే. బయటి యంత్రం నుంచి కిరణాలు తగలడం ఎండ లాంటిది. యంత్రం ఆగితే అంతటితో సరి. రేడియోధార్మిక పదార్థం ఒంటికి అంటడం, ఒంట్లోకి వెళ్లడం కారం లాంటిది. అది ఉన్నంతసేపూ కిరణాలు వస్తూనే ఉంటాయి.

2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము మార్కెట్‌లో జరిగింది దీనికి చేదు ఉదాహరణ. ఢిల్లీ యూనివర్సిటీ వేలంలో అమ్మేసిన పాత పరికరంలో కోబాల్ట్-60 ఉండిపోయింది. తెలియక దాన్ని విడగొట్టిన కార్మికులు జబ్బుపడ్డారు. ఒకరు చనిపోయారు. పాత సామానులో మూడు రెక్కల రేడియేషన్ గుర్తు ఉన్న పెట్టె, సీసపు డబ్బా కనిపిస్తే ముట్టుకోకండి. దూరం జరిగి 112కు ఫోన్ చేయండి.

‘స్కానింగ్’లన్నీ ఒకటేనా?

మన వాడుకలో అన్నీ స్కానింగులే. కానీ వాటిలో ఈ తేడాలున్నాయి.

- అల్ట్రాసౌండ్: శబ్ద తరంగాలతో చేస్తారు. గర్భిణులకు చేసేది ఇదే. ఎక్స్ కిరణాలు ఉండవు.
- ఎంఆర్ఐ: అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలతో చేస్తారు. దీనిలోనూ ఎక్స్ కిరణాలు ఉండవు.
- ఎక్స్‌రే: ఎక్స్ కిరణాలు వాడతారు. ఛాతీ ఎక్స్‌రేకి మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్ట్, లేదా అంతకంటే తక్కువ.
- సీటీ స్కాన్: ఇదీ ఎక్స్ కిరణాలతోనే, కాకపోతే మోతాదు చాలా ఎక్కువ. పొట్ట సీటీకి సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు.
- పెట్ స్కాన్, ఎముకల స్కాన్: రేడియోధార్మిక మందును ఒంట్లోకి ఎక్కించి చేస్తారు.

మిల్లీసీవర్ట్ అంటే? రేడియేషన్ వల్ల శరీరానికి కలిగే ముప్పును కొలిచే లెక్క. నేల, గాలి, తిండి, అంతరిక్షం నుంచి ప్రపంచంలో సగటు మనిషికి సహజంగానే ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతుంది. అంటే ఒక్క పొట్ట సీటీ దాదాపు మూడు, నాలుగేళ్ల సహజ మోతాదుతో సమానం.

అలాగని డాక్టర్ రాసిన సీటీ మానేయొద్దు. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినప్పుడు, పక్షవాతం అనుమానం ఉన్నప్పుడు అదే ప్రాణం కాపాడుతుంది. కరోనా రెండో వేవ్‌లో జ్వరం రాగానే హెచ్ఆర్‌సీటీ కోసం సెంటర్ల ముందు బారులు తీరినట్టు, అవసరం లేకుండా సొంతంగా తీయించుకోవడమే తప్పు.

ఎక్స్‌రే, సీటీ సెంటర్‌కు వెళ్తే ఇవి చూసుకోండి.

- గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ముందే చెప్పండి.
- పాత ఫిల్ములు, రిపోర్టులు తీసుకెళ్లండి. మళ్లీ తీయాల్సిన అవసరం తప్పొచ్చు.
- తోడు వెళ్లినవారు గది బయటే ఉండాలి. చిన్నపిల్లల్ని పట్టుకోవాల్సి వస్తే సీసపు ఏప్రాన్ అడగండి.
- మన దేశంలో ఎక్స్‌రే, సీటీ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి తప్పనిసరి. అది ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు.

‘కరెంటు పెట్టడం’ అంటే?

ఇది మన జనం పెట్టుకున్న పేరు. వైద్య భాషలో రేడియోథెరపీ. రోగి ఒంట్లోకి కరెంటు పెట్టరు, షాక్ ఇవ్వరు. క్యాన్సర్ గడ్డకు గురిపెట్టి అధిక శక్తి ఉన్న కిరణాలను పంపిస్తారు. కిరణాలు క్యాన్సర్ కణాల డీఎన్ఏను దెబ్బతీసి అవి పెరగకుండా చేస్తాయి. ఎక్స్‌రే తీయించుకున్నట్టే, కిరణాలు తగిలేటప్పుడు నొప్పి తెలియదు. రోజుకు కొన్ని నిమిషాలు, వారానికి ఐదు రోజులు, జబ్బును బట్టి సాధారణంగా మూడు నుంచి ఏడు వారాలు ఇస్తారు.

మరి ఇంటికొచ్చాక పిల్లల్ని దూరం పెట్టాలా? ఏ రకం చికిత్స అన్నదాన్ని బట్టి ఉంటుంది.

1. బయటి నుంచి ఇచ్చేది: లీనియర్ యాక్సిలరేటర్ (లినాక్) లేదా కోబాల్ట్ యంత్రంతో ఇస్తారు. ఎక్కువమందికి చేసేది ఇదే. ఇది ఎండ లాంటిది. గది దాటి బయటికొచ్చిన రోగి నుంచి ఎలాంటి రేడియేషన్ రాదు. మనవడు ఒళ్లో కూర్చోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు. గర్భిణి అయిన కోడలు పక్కనే ఉండి సేవ చేయొచ్చు.
2. లోపలి నుంచి ఇచ్చేది: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు తరచూ వాడే బ్రాకీథెరపీ. మూలాన్ని కాసేపు లోపల ఉంచి తీసేస్తారు. తీశాక రోగిలో రేడియేషన్ మిగలదు. కొన్ని క్యాన్సర్లలో మాత్రం చిన్న గింజల్లాంటివి లోపలే ఉంచేస్తారు. అప్పుడు డాక్టర్లు విడిగా జాగ్రత్తలు చెబుతారు.
3. మందుగా ఇచ్చేది: థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్. జాగ్రత్త పాటించాల్సింది ఇక్కడ. మందు ఒంట్లోనే ఉంటుంది, ఎనిమిది రోజులకోసారి దాని తీవ్రత సగమవుతుంది. చెమట, లాలాజలం, మూత్రంలోనూ కొంత వస్తుంది. డిశ్చార్జి కాగితంలో రాసినన్ని రోజులు పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి.

కాబట్టి డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “ఇంటికెళ్లాక నా ఒంట్లో రేడియేషన్ మిగిలి ఉంటుందా?”

ఇంకో ముఖ్య విషయం. చర్మం నల్లబడటం, నోరు పూయడం, నీరసం లాంటివి రావచ్చు. వాటికి భయపడో, మిర్చి కోతల రోజులనో, పత్తి తీతలనో మధ్యలో మానేసేవారు ఉన్నారు. విరామం వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. ఇబ్బంది ఉంటే డాక్టర్‌కు చెప్పండి, చికిత్స మాత్రం ఆపకండి.

ఈ చికిత్స ఉచితంగా దొరుకుతుందా?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ రేడియోథెరపీ ఉంది. అర్హులైన కుటుంబాలకు పథకం కింద నమోదైన ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. ఆసుపత్రిలోని హెల్ప్‌డెస్క్ దగ్గర వైద్యమిత్రను కలవండి. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స ఉందో 104కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి ప్రాంగణంలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. అన్ని వారాల పాటు రోజూ రాకపోకలు ఉంటాయి కాబట్టి, పేరు నమోదు చేయించుకునే రోజే బస ఎలా అన్నది కూడా అడిగి పెట్టుకోండి.

మిరపకాయలకూ రేడియేషనా?

అవును, కొన్నిటికి. కళ్లాల్లో నేలమీద ఎండబెట్టిన మిర్చికి దుమ్ముతో పాటు బూజు, బ్యాక్టీరియా చేరతాయి. పొడి కొట్టాక వాటిని తీసేయడం కష్టం. అందుకే ఎగుమతికి వెళ్లే మసాలా దినుసుల్లో కొన్నిటిని గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. మహారాష్ట్రలోని వాశిలో ఇలాంటి ప్రభుత్వ కేంద్రం 2000 నుంచి ఉంది.

సంచులు కోబాల్ట్-60 ముందు నుంచి వెళ్తాయి, దాన్ని తాకవు. అంటే ఇదీ ‘తగలడమే’, ‘అంటుకోవడం’ కాదు. ఆ కారం తింటే ఒంట్లోకి రేడియేషన్ రాదు. అయితే ఇలా శుద్ధి చేసిన సరుకు ప్యాకెట్‌పై ఆ విషయం రాయాలి. వలయంలో మొక్కలా ఉండే ఆకుపచ్చ ‘రాడురా’ గుర్తు వేయాలి. ఒక పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. గామా కిరణాలు క్రిములను చంపుతాయి కానీ, బూజు అప్పటికే వదిలిన అఫ్లాటాక్సిన్ విషాన్ని, పురుగుమందు అవశేషాలను తీసేయలేవు. కాయను శుభ్రంగా ఎండబెట్టడానికి ప్రత్యామ్నాయం లేదు.

సెల్ టవర్ సంగతేంటి?

టవర్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు, పైన చెప్పిన రెండో రకం. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న పరిమితిలో పదో వంతునే మన దేశం 2012 సెప్టెంబరు నుంచి అమలు చేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చేమో’ అన్న జాబితాలో పెట్టింది. ఆధారాలు పరిమితంగా ఉన్నాయని, పరిశోధన కొనసాగాలని దాని అర్థం.

మీ వీధి టవర్‌పై అనుమానం ఉంటే టెలికాం శాఖ ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌లో వివరాలు చూడొచ్చు. నిర్ణీత రుసుము కట్టి కొలతలు తీయించమని కోరొచ్చు. మీ ఫోన్ వివరం కావాలంటే *#07# నొక్కండి. చాలా ఫోన్లలో సార్ విలువ కనిపిస్తుంది. మన దగ్గర అది కిలోకు 1.6 వాట్లు దాటకూడదు.

మన నేలలో, పొగాకులో కూడా ఉందా?

ఉంది. రాళ్లలో, మట్టిలో సహజంగానే కాస్త యురేనియం, థోరియం, పొటాషియం-40 ఉంటాయి. అరటిపండులోనూ పొటాషియం-40 ఉంది. ఈ మోతాదుతో మనిషి మొదటి నుంచీ బతుకుతున్నాడు. పొగాకు ఆకులో పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం స్వల్పంగా ఉంటుంది. చుట్ట, సిగరెట్ పొగలో క్యాన్సర్ తెచ్చే రసాయనాలు ఎన్నో ఉంటాయి, వాటికి ఇది తోడు. టవర్‌కు భయపడుతూ దాని కిందే నిలబడి సిగరెట్ కాల్చే మనిషి దేనికి భయపడాలో తేల్చుకోవాలి.

మళ్లీ ఈ మాట వినిపిస్తే..

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏ రకం? తగిలి పోయేదా, అంటుకుని ఉండేదా? మోతాదు ఎంత? ఈ మూడింటికీ జవాబు లేకుండా వాట్సాప్‌లో వచ్చే హెచ్చరికను పక్కన పెట్టొచ్చు.

కరెంటు పెట్టించుకుని ఇంటికొచ్చిన అమ్మమ్మ విషయంలో ఆ జవాబు చాలావరకు డిశ్చార్జి కాగితంలోనే ఉంటుంది. దూరంగా ఉండమని అందులో రాయకపోతే, డాక్టర్ చెప్పకపోతే, మనవణ్ని ఆమె ఒళ్లో కూర్చోనివ్వండి.